56 రోజుల లెక్క: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ‘లోపలి కరెంటు’, కడప జిల్లా దారి

మన వైపు రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఈ కరెంటు రెండు రకాలుగా పెడతారు. ఒకటి బయటి నుంచి: సోమవారం మొదలు శుక్రవారం దాకా రోజూ కొన్ని నిమిషాలు, ఐదు వారాలు. రెండోది లోపలి నుంచి: గర్భసంచిలోకి సన్నని గొట్టం పంపి, దాని గుండా రేడియోధార్మిక మూలాన్ని గడ్డ దగ్గరికే తీసుకుపోయి ఇచ్చేది. దీని పేరు బ్రాకీథెరపీ. గొట్టం ఎక్కడ కూర్చుంది, గడ్డ ఎంత మిగిలింది, మూత్రాశయమూ పెద్దపేగూ ఎంత దగ్గరగా ఉన్నాయి అని స్కానింగ్‌లో చూసుకుని ప్రతిసారీ మోతాదు దిద్దితే అది ఇమేజ్ గైడెడ్ బ్రాకీథెరపీ.

బయటి కరెంటు సాగుతుండగానే ఒక చిక్కు వచ్చి పడుతుంది. మూడో వారానికో నాలుగో వారానికో రక్తస్రావం ఆగుతుంది. దుర్వాసన తగ్గుతుంది, మనిషి తేరుకుంటుంది. అప్పుడు పుట్టే ప్రశ్న: “రగతం నిలిచిపోయె గదా సిస్టరమ్మా, ఇంగ ఏంటికి రావల్ల?” జమ్మలమడుగు పక్క పల్లె నుంచి వచ్చిన ఒక యాభై ఏళ్ల ఆమె ఇలా అడిగిందనుకుందాం. ఆమెకు జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఆ జవాబుతో పాటు ఫలానా రోజు రమ్మని తేదీ రాసిచ్చిన చీటీ ఉండాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి బయలుదేరే రోగులకు ఈ చికిత్స ఎలా అమరాలో పరిశీలిస్తే తేలేది ఇదే: యంత్రం ఎంత అవసరమో, ఆ తేదీ అంత అవసరం.

సమస్య ఎంతది

గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఏడాది సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. కారణం దాదాపు అన్ని కేసుల్లోనూ హెచ్‌పీవీ అనే వైరస్. టీకా ఉంది, ముందే పట్టుకునే పరీక్షలూ ఉన్నాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 1.9 శాతం. నూటికి ఇద్దరు కూడా లేరు. అందుకే మన ఆసుపత్రులకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆపరేషన్ దశ దాటి వస్తారు. వాళ్లకు ప్రామాణిక చికిత్స ఒకటే: బయటి కరెంటు, దానితో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, చివర బ్రాకీథెరపీ. సిస్‌ప్లాటిన్ కలపడం 1999లో వెలువడిన పరీక్షల ఫలితాలతో స్థిరపడింది. 2024లో వచ్చిన ఇంటర్‌లేస్ పరీక్ష, రేడియేషన్‌కు ముందు ఆరు వారాలు కీమో ఇస్తే ఐదేళ్లు బతికినవారు 72 నుంచి 80 శాతానికి పెరిగారని చూపింది. ఇన్ని మార్పుల్లోనూ బ్రాకీథెరపీ స్థానం కదల్లేదు.

బయటిది చాలదా?

చాలదు. బయటి కిరణం గడ్డను చేరేలోపు మూత్రాశయం, పేగుల గుండా పోవాలి. 45 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) దగ్గర ఆగకపోతే అవి దెబ్బతింటాయి. గడ్డను పూర్తిగా చంపడానికి మాత్రం దాదాపు దానికి రెట్టింపు కావాలి. మూలం గడ్డ మధ్యలో ఉంటే లెక్క మారుతుంది. దూరం రెండింతలైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది కనుక గడ్డకు విపరీతంగా అంది, రెండు మూడు సెంటీమీటర్ల అవతలి పేగుకు తక్కువ తగులుతుంది.

ఈ విషయంలో అమెరికా అనుభవం ఒక హెచ్చరిక. అక్కడి క్యాన్సర్ రిజిస్ట్రీల్లో బ్రాకీథెరపీ వాడకం 1988లో 83 శాతం. 2009కి 58కి దిగింది. కొత్త తరహా బయటి యంత్రాలు వచ్చిన కాలమది. 2013లో వెలువడిన విశ్లేషణలో బ్రాకీథెరపీ అందినవాళ్లే ఎక్కువ కాలం బతికినట్టు తేలింది. యంత్రాలు కొనగలిగిన దేశంలోనే ఈ మెట్టు జారిపోగలిగితే, మన దగ్గర ఇంకెంత జాగ్రత్త కావాలో ఊహించుకోవచ్చు.

ఆది జాకెట్టు, కొత్త కొలత

ప్రొద్దుటూరు బట్టల అంగళ్లు తెలిసినవాళ్లకు ఆది జాకెట్టు సంగతి చెప్పనక్కర్లేదు. పాత జాకెట్టు దర్జీకిస్తే దాని కొలతతో కొత్తది కుట్టేస్తాడు. మనిషి చిక్కినా, ఒళ్లు చేసినా అదే కొలత. 1938లో మాంచెస్టర్ వైద్యులు నిర్ణయించిన ‘పాయింట్ ఏ’ పద్ధతి అటువంటిది. ముఖద్వారం దగ్గర నుంచి 2 సెంటీమీటర్లు పైకి, 2 సెంటీమీటర్లు పక్కకు ఒక ఊహా బిందువు. ఎవరికైనా అక్కడ ఇంత మోతాదు. ఎక్స్‌రేలో గొట్టం కనబడుతుంది గాని గడ్డ కనబడదు కనుక అంతకు మించి చేయగలిగింది లేదు. ఆ పద్ధతి దశాబ్దాల పాటు లెక్కలేనంతమందిని బతికించింది. కానీ పెద్ద గడ్డకు చాలక, చిన్న గడ్డ ఉన్నామె పేగుకు ఎక్కువై ఇబ్బంది పెట్టింది.

2005, 2006లో యూరప్ నిపుణుల బృందం కొత్త కొలతలు ప్రకటించింది. ఐదు వారాల బయటి కరెంటు తర్వాత గడ్డ ఎంత మిగిలిందో బ్రాకీథెరపీ రోజున ఎంఆర్ఐలో చూసి, ఆ మిగిలిన భాగాన్నీ ముఖద్వారాన్నీ కలిపి గీసి, దానిలో 90 శాతానికి ఎంత మోతాదు అందుతుందో లెక్కకట్టాలి. కనీసం 85 గ్రే అన్న లక్ష్యం తర్వాత స్థిరపడింది. మూత్రాశయం, పురీషనాళం, పేగు గోడల్లో అత్యధికంగా తగిలే 2 ఘనపు సెంటీమీటర్లకు హద్దులు పెట్టాలి. ఈ పద్ధతిలో 2008–2015 మధ్య జరిగిన ఎంబ్రేస్ అధ్యయనం 2021లో వెలువడింది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రితో సహా అనేక దేశాల కేంద్రాలు చేరిన ఆ పరిశీలనలో 1,341 మంది ఫలితాలు చూస్తే, ఐదేళ్ల దగ్గర 92 శాతం మందిలో గడ్డ ఉన్నచోట అదుపులోనే ఉంది. అంతకుముందు 2012లో ఫ్రాన్స్ అధ్యయనం పాత, కొత్త పద్ధతులను పోల్చింది. ఆపరేషన్ లేకుండా రేడియేషన్ మీదే ఆధారపడినవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు పాత పద్ధతిలో 22.7 శాతం, కొత్తదానిలో 2.6 శాతం. ఈ రెండూ లాటరీ వేసి పంచిన పరీక్షలు కావు. అయినా ఇంత తేడాను తోసిపుచ్చలేం.

ఏ బొమ్మ చాలు?

ప్రతి విడతకూ ఎంఆర్ఐ అంటే మన జిల్లాల్లో సాగదు. అలాగని పాయింట్ ఏ దగ్గరే ఉండిపోనక్కర్లేదు. సీటీలో గొట్టం, పేగు, మూత్రాశయం బాగా కనబడతాయి. గడ్డ అంచు మాత్రం మసక. సీటీ మీద గీసినప్పుడు గడ్డ వెడల్పు ఎక్కువగా వస్తుందని 2007లో అకిలా విశ్వనాథన్ బృందం చూపింది. ఆ మసకను తీర్చడానికి 2021లో భారత, యూరప్, అమెరికా బ్రాకీథెరపీ సంఘాలు కలిసి సీటీ మీద గీసే పద్ధతిని ప్రకటించాయి. ఆ పనికి ముందు నిలిచిన వైద్యుడు ఉమేష్ మహంత్‌శెట్టి. విశాఖపట్నం హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి డైరెక్టర్‌గా పనిచేసినవారు.

ఆ పద్ధతి ఖరీదైన పరికరం మీద కాక ఒక కాగితం మీద నిలబడింది. రోగి మొదటిసారి వచ్చినరోజు డాక్టరు చేత్తో పరీక్షించి, గర్భసంచి మూతి బొమ్మ గీసి, గడ్డ ఎటు ఎన్ని సెంటీమీటర్లు పాకిందో గుర్తు పెడతారు. బ్రాకీథెరపీ రోజు మత్తులో మళ్లీ పరీక్షించి రెండో బొమ్మ గీస్తారు. రెండు బొమ్మలు, ముందు తీసిన ఒక ఎంఆర్ఐ, పరీక్షా బల్ల దగ్గర ఒక అల్ట్రాసౌండ్ కలిస్తే సీటీ చాలావరకు సరిపోతుంది. మొదటి బొమ్మ లేకపోతే ఎంత మంచి స్కానర్ ఉన్నా డాక్టరు ఊహ మీద గీయాలి. ఆ మొదటి బొమ్మ ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి ఓపీలోనే గీయవచ్చు. దానికి ఖర్చు ఒక కాగితం, ఒక పెన్ను.

ఆ ఒక్క రోజు

పొద్దున రోగి ఏమీ తినకుండా వస్తుంది. పేగు ఖాళీ చేయించి ఉంటారు. నడుముకు మత్తు ఇస్తారు. మూత్రాశయంలో ఫోలీ గొట్టం వేసి, దాని బుడగలో స్కాన్‌లో కనబడే మందు కొద్దిగా నింపుతారు. డాక్టరు చేత్తో పరీక్షించి, గర్భసంచి లోతు కొలిచి, ముఖద్వారం గుండా లోహపు గొట్టం ఎక్కిస్తారు. గర్భసంచి గోడకు బొక్క పడకుండా పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తుంటారు. గొట్టానికి రెండు పక్కలా గుండ్రటి భాగాలో, చుట్టూ ఒక ఉంగరమో అమరుస్తారు. గడ్డ పక్కకు బాగా పాకి ఉంటే సూదులు చేరుస్తారు. చివరగా యోనిలో గాజు గుడ్డ కుదించి నింపుతారు. అది గొట్టాన్ని కదలనివ్వదు, మూత్రాశయాన్నీ పురీషనాళాన్నీ దూరంగా నెట్టి ఉంచుతుంది. చూడటానికి నర్సు పనిలా కనబడే ఆ గుడ్డ నింపడం మీదే పేగుకు తగిలే మోతాదు ఆధారపడుతుంది.

ఆ తర్వాత ఆమె కదలకూడదు. అదే బల్ల మీద సీటీకి తీసుకుపోతారు. డాక్టరు గడ్డ, అవయవాలు గీస్తారు. మెడికల్ ఫిజిసిస్ట్ మూలం ఎక్కడెక్కడ ఎన్ని సెకన్లు ఆగాలో లెక్క కడతారు. ఇంకొకరు ఆ లెక్కను సరిచూస్తారు. అప్పుడు గొట్టాలను యంత్రానికి కలిపి, ముందు ఉత్త తీగ పంపి దారి సరిగా ఉందో చూసి, తర్వాత అసలు మూలం పంపుతారు. కరెంటు నడిచేది పది నిమిషాల అటూఇటూ. ఆ పది నిమిషాల కోసం ముందు గంటల పని. మత్తు దిగుతుంటే, నడుము కింద నొప్పి మొదలవుతుంటే, సీటీ గదిలో ప్రమాదం కేసు నడుస్తోందని ఆమెను వరండాలో ఉంచితే గొట్టం జరుగుతుంది, బొమ్మ అబద్ధమవుతుంది. కనుక సీటీ, మత్తు డాక్టరు, ఫిజిసిస్ట్ ముగ్గురికీ ఒకే రోజు, ఒకే గంట ముందే కేటాయించడం ఈ పనిలో సగం.

బుధవారం లెక్క

ఇక అసలు లెక్క. మొదటి కరెంటు నుంచి చివరి కరెంటు దాకా మొత్తం 8 వారాల్లో, అంటే 56 రోజుల్లో ముగియాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. ఆ తర్వాత ఆలస్యమైన ఒక్కో రోజుకు గడ్డ అదుపు సుమారు ఒక శాతం దాకా తగ్గుతుందని పాత అధ్యయనాలు చెబుతాయి.

సోమవారం 1వ రోజు అనుకోండి. 25 విడతల బయటి కరెంటు ఐదో శుక్రవారం, అంటే 33వ రోజుకు పూర్తి. బ్రాకీథెరపీ 7 గ్రే చొప్పున నాలుగు విడతలు, వారానికొకటి, బుధవారం మాత్రమే అనుకోండి. మొదటిది 38వ రోజు. తర్వాత 45, 52. నాలుగోది 59. ఒక్క బస్సు తప్పకపోయినా, ఒక్క పండగ రాకపోయినా, యంత్రం ఒక్కరోజు మొరాయించకపోయినా, ఈ ఏర్పాటు గడువును మూడు రోజులు దాటేస్తుంది. తప్పు రోగిది కాదు, బుధవారానిది.

బయటపడే దారులు ఉన్నాయి. గడ్డ బాగా కుంచించుకుపోయినామెకు ఐదో వారంలోనే, 31వ రోజు బుధవారం మొదలుపెడితే చివరిది 52. లేదా ఒకసారి గొట్టం అమర్చి, రాత్రి వార్డులో ఉంచి, రెండు రోజుల్లో రెండు విడతలు ఇస్తే 38, 39, 45, 46. ఇంకా పది రోజులు మిగులు. మత్తు నాలుగుసార్లు కాక రెండుసార్లే. జమ్మలమడుగు నుంచి రాకపోకలూ సగం. అయితే రెండో విడతకు ముందు మళ్లీ స్కాన్ తీయాలి. రాత్రంతా కదలకుండా పడుకున్నా పేగులో గాలి చేరుతుంది, గుడ్డ సడలుతుంది.

మన దేశంలో చాలాచోట్ల వాడే మరో దారి 9 గ్రే చొప్పున రెండే విడతలు. రోగికీ ఆసుపత్రికీ సులువే. కానీ లెక్క చూడాలి. బయటి 45 గ్రేతో కలిపి, కణాల మీద ప్రభావం ప్రకారం సమానం చేస్తే, 7 గ్రే నాలుగు విడతలు సుమారు 84కు వస్తాయి. 9 గ్రే రెండు విడతలు 73 దగ్గరే ఆగుతాయి. చిన్న గడ్డకు గొట్టం దగ్గరే ఎక్కువ మోతాదు కనుక సరిపోవచ్చు. పెద్దగా మిగిలిన గడ్డకు రోజులు కలిసివస్తాయని మోతాదు తగ్గించడం బేరం కాదు. స్కాన్ విలువ ఇక్కడే: ఎవరికి రెండు చాలు, ఎవరికి నాలుగు కావాలో అది చెబుతుంది.

మూలం, అలారం

ఇలా నిమిషాల్లోనే ఎక్కువ మోతాదు ఇచ్చే హెచ్‌డీఆర్ యంత్రంలో మూలం బియ్యపు గింజకన్నా సన్నటి ఇరిడియం-192 తునక, తీగ చివర అతికించి ఉంటుంది. దాని అర్ధాయువు 74 రోజులు. కొత్తప్పుడు ఆరు నిమిషాలు పట్టిన మోతాదుకు 74 రోజుల తర్వాత పన్నెండు నిమిషాలు కావాలి. మూడు నాలుగు నెలలకొకసారి మార్చాల్సిందే. కొనుగోలు ఫైలు ఆలస్యమైతే గదిలో ఒక్కో రోగికి సమయం పెరిగి, రోజుకు చేయగలిగే కేసులు తగ్గి, క్యూ పెరుగుతుంది. కోబాల్ట్-60 మూలమైతే అర్ధాయువు 5.27 ఏళ్లు. సుమారు ఐదేళ్లకొక మార్పు. జిల్లా కేంద్రంలో యంత్రం పెట్టేటప్పుడు ఫైళ్ల వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుని మూలాన్ని ఎంచుకోవడం తెలివైన పని.

భద్రతకు దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, గది గోడల మందం నుంచి రేడియేషన్ సేఫ్టీ అధికారి దాకా నియమాలు ఉన్నాయి. వాటి విలువ 1992 నవంబరులో పెన్సిల్వేనియాలోని ఇండియానా పట్టణం నేర్పింది. అక్కడ ఒక వృద్ధురాలికి చికిత్స చేస్తుండగా ఇరిడియం తునక తీగ నుంచి తెగి లోపలే ఉండిపోయింది. గదిలో అలారం మోగింది. అది పాడైందనుకున్నారు. చేతి మీటరు పట్టుకుని ఆమె పక్కన నిలబడి కొలిచినవారు లేరు. ఆమె అయిదు రోజుల్లో చనిపోయింది. అందుకే ప్రతి విడత తర్వాత మీటరుతో కొలిచి, అంకె రాసి, సంతకం పెట్టాకే రోగిని బయటికి పంపాలి. ఎంత తొందరలో ఉన్నా ఆ గడిని ఖాళీగా వదలకూడదు.

మూడు ఊళ్ల వంతు

మూడు ఊళ్లకు మూడు బ్రాకీథెరపీ యంత్రాలు కావాలని కోరడం కన్నా, ఒక కేంద్రానికి మూడు ఊళ్లు సరిగ్గా రోగుల్ని అందించడం మేలు. కడప రిమ్స్ ఆవరణలో 2023 డిసెంబరులో క్యాన్సర్ బ్లాక్ ప్రారంభమైంది. తిరుపతిలో 1993 నాటి స్విమ్స్‌తో పాటు, 2022లో మొదలైన శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ సంస్థ ఉంది. కర్నూలు, వేలూరు, బెంగళూరు మన వాళ్లకు పాత దారులే. పులివెందులలో 2024 మార్చిలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి భవనం తెరుచుకుంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ నాటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. ఇవన్నీ ఒకే చీటీ మీద కలవాలి.

ఆ చీటీకి ముందు జరగాల్సిన పనులు ఊళ్లోనే తేలిపోవచ్చు. తెల్లబట్ట, ముట్లుడిగాక మళ్లీ రక్తం, కలయిక తర్వాత రక్తం అని వచ్చినామెను బల్ల మీద పడుకోబెట్టి స్పెక్యులమ్‌తో చూడటం మొదటి పని. అనుమానం ఉంటే ముక్క పరీక్షకు పంపడం రెండోది. క్యాన్సర్ తేలితే రక్తం 10 గ్రాములకు చేర్చడం, మూత్రపిండాల పరీక్ష, గడ్డ మూత్రనాళాలను నొక్కుతుంటే స్టెంట్, హెచ్‌ఐవీ పరీక్ష. ఇవి ముగించి పంపితే పెద్ద ఆసుపత్రిలో రెండు వారాలు మిగులుతాయి.

ఇక్కడ మన రాష్ట్రంలో మరీ ఎక్కువగా ఉన్న ఒక చిక్కు. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట అనగానే “సంచి తీసేస్తే పోతుంది” అనే మాట మనకు కొత్త కాదు. ముఖద్వారం పరీక్షించకుండా సంచి తీసేశాక, ఆ ముక్కలో క్యాన్సర్ ఉందని రిపోర్టు వస్తే? గొట్టం కూర్చోవడానికి గర్భసంచే ఉండదు. దాని చోటులోకి పేగు జారి ఉంటుంది. మంచి మోతాదు ఇవ్వడం కష్టమవుతుంది. బ్రాకీథెరపీ గదిలో ఎంత నైపుణ్యం ఉన్నా ఈ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదు. ఆపరేషన్‌కు ముందు ఒక పాప్ స్మియర్, అవసరమైతే ఒక ముక్క పరీక్ష తప్పనిసరి చేయడం ఈ మూడు ఊళ్లు చేయగలిగిన గొప్ప బ్రాకీథెరపీ సేవ.

ప్రయాణం మాట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు. జమ్మలమడుగు నుంచి ఎర్రగుంట్ల మీదుగానో, పులివెందుల నుంచి వేంపల్లె మీదుగానో కడపకు ఆమె ఖర్చు తగ్గింది. తోడు వచ్చే మగమనిషి టికెట్టు, అతని కూలి మాత్రం అలాగే ఉన్నాయి. ఐదు వారాలు రోజూ తిరగలేని వాళ్లకు ఆసుపత్రి పక్కన ఉండే చోటు, అన్నం కావాలి. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ పథకం చికిత్స ఖర్చు భరిస్తుంది. వేరుశెనగ కోత రోజుల్లో పోయే కూలిని ఏ ప్యాకేజీ భరించదు. ఆ నష్టం ముందే తెలిస్తే ఆమె తోడికోడలితోనో, చెల్లెలితోనో సర్దుకోగలదు. ముందే తెలియాలంటే మళ్లీ తేదీయే కావాలి.

చికిత్స ముగిశాక కూడా పని ఉంది. మూడు నెలల తర్వాత పరీక్ష, ఆ తర్వాత కొన్ని నెలలకొకసారి. యోని కుదించుకుపోకుండా డైలేటర్ వాడటం ఎలాగో చెప్పాలి. మలంలో రక్తం పడితే ఎవరికి చెప్పాలో తెలియాలి. సంసారం గురించి ఆమె అడగదు. నర్సే చాటుగా తీసుకుపోయి చెప్పాలి. ఈ పరీక్షలు చాలావరకు ప్రొద్దుటూరులోనే జరగవచ్చు.

చీటీ దగ్గరికి వద్దాం. జమ్మలమడుగు ఆమె చేతిలో ఉండాల్సిన చీటీలో మూడు తేదీలు చాలు: బయటి కరెంటు మొదలు, లోపలి కరెంటు మొదలు, 56వ రోజు. మొదటి విడత నాడే మూడూ రాయాలి, చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి. కింద ఒక ఫోన్ నంబరు, అవతల పేరు పెట్టి పలికే మనిషి. ఆసుపత్రి రిజిస్టరులో ఆమె పేరు పక్కన ఒక గడి: ఎన్ని రోజుల్లో ముగిసింది? నెలకోసారి ఆ గడులు కూడితే, 56 లోపు ఎందరు, దాటినవాళ్లు ఎక్కడ ఆగారు, ముక్క పరీక్ష దగ్గరా, రక్తం దగ్గరా, సీటీ దగ్గరా, బుధవారం దగ్గరా అన్నది తెలుస్తుంది. అప్పుడు ఇంకో యంత్రం కావాలో, ఇంకో మత్తు డాక్టరు చాలో ఆ రిజిస్టరే చెబుతుంది.